ముందు వంద అమ్మండి... ఆ తర్వాతే పెద్ద ఓవెన్!

ఇంట్లో చేసిన చిన్న చిన్న పండ్ల పేస్ట్రీలకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లాంటి ఊళ్లలోనూ గిరాకీ ఉంది. చదువుకుంటూనో, ఉద్యోగం కోసం చూస్తూనో ఇంటి పట్టున చేసుకోదగిన పని ఇది. అయితే అప్పు చేసి పెద్ద ఓవెన్ కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. అదేంటో చూద్దాం.

డిగ్రీ అయిపోయింది. గ్రూప్స్‌కో, బ్యాంకు పరీక్షలకో చదువుతున్నారు. హైదరాబాద్‌లో హాస్టల్ ఖర్చు భరించలేక ఇంటికి తిరిగొచ్చేశారు. నోటిఫికేషన్ వచ్చేలోగా ఎంతో కొంత సంపాదిస్తే బాగుండనిపిస్తోంది. ఓ ఆదివారం వీడియో చూసి మామిడిపండు ముక్కలు కూరిన పేస్ట్రీలు చేశారు. ఇంట్లో అందరికీ తెగ నచ్చాయి. పక్కింటి ఆంటీ అయితే ‘ఇవి అమ్మితే బాగా పోతాయే’ అనేసింది. ఇంకేం, అమ్మను ఒప్పించి మహిళా సంఘంలో లోను తీయించి, లక్ష రూపాయల్లో బేకరీ ఓవెన్ తెప్పిద్దామని ఆలోచన మొదలైంది.

ఒక్క నెల ఆగండి. ఆ లోను వాయిదా అమ్మ పేరు మీద ఉంటుంది. ఏ నెలైనా తప్పితే సంఘం మీటింగ్‌లో తోటి సభ్యులకు జవాబు చెప్పుకోవాల్సింది ఆమే. లక్ష రూపాయలను 12 శాతం వడ్డీకి రెండేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు రూ.4,700 కట్టాలి. అంటే నెలకు ఎన్ని పేస్ట్రీలు అమ్మాలి? దీనికి జవాబు మీ దగ్గర లేదంటే ఓవెన్ కొనే సమయం ఇంకా రాలేదన్నమాట.

గరిజెలు వచ్చినవాళ్లకు ఇదెంత?

పేరు కొత్తగా ఉన్నా పని మనకు తెలిసిందే. సంక్రాంతికి గరిజెలు చేసేటప్పుడు ఏం చేస్తాం? పిండి ఒత్తి, మధ్యలో పూర్ణం పెట్టి, సగానికి మడిచి, అంచులు విడిపోకుండా నొక్కుతాం. పండ్ల పేస్ట్రీదీ అదే వరస. నూనెలో వేయించడానికి బదులు ఓవెన్‌లో కాలుస్తాం, కొబ్బరి చక్కెర బదులు ఉడికించిన పండు పెడతాం. ఇంట్లో గరిజెల అచ్చు ఉంటే ఆకారానికి అదే సరిపోతుంది.

బేకరీల్లోనూ ఇలాంటిది ఎప్పటినుంచో ఉంది. కర్ణాటకలోని హాసన్ ప్రాంతం నుంచి వచ్చిన కుటుంబాలు బెంగళూరులో మొదలుపెట్టిన అయ్యంగార్ బేకరీల పేరు ఇవాళ తెలంగాణలో చిన్న చిన్న పట్టణాల బోర్డుల మీద కూడా కనిపిస్తోంది. అక్కడ దొరికే దిల్‌పసంద్‌లో ఉండేది కొబ్బరి, చక్కెర, టూటీఫ్రూటీ. ఆ టూటీఫ్రూటీ పచ్చి బొప్పాయి ముక్కలను చక్కెర పాకంలో నానబెట్టి రంగు వేసిందే. అంటే పండు కూరిన పేస్ట్రీ మన నాలుకకు అలవాటే. మీరు కొత్తగా ఇవ్వగలిగింది రంగు, ఎసెన్సు లేని అసలు పండు రుచి. మీ సరుకుకు బలం అదే.

పిండి, పండు, వేడి

ముందుగా ఒకే రకం పట్టుకుని అది ప్రతిసారీ ఒకేలా వచ్చేదాకా చేయండి. పొరలు పొరలుగా విచ్చుకునే పఫ్ పిండి ఇంట్లో కష్టం, ముఖ్యంగా మన ఎండల్లో. దానికన్నా కరకరలాడే పై పిండి తేలిక.

24 పేస్ట్రీలకు కొలత ఇది: మైదా 500 గ్రాములు, ఉప్పు లేని వెన్న 250 గ్రాములు, చక్కెర 20 గ్రాములు, ఉప్పు 5 గ్రాములు, ఐస్ నీళ్లు సుమారు 120 మిల్లీలీటర్లు. గ్లాసులు, చెంచాల లెక్క వద్దు. చిన్న డిజిటల్ త్రాసు కొనుక్కోండి. మీరు పెట్టే మొదటి ఖర్చు ఇదే కావాలి.

ఫ్రిజ్‌లోంచి తీసిన వెన్నను ముక్కలు చేసి, మైదాలో వేసి వేళ్ల కొసలతో రవ్వలా నలపాలి. తర్వాత నీళ్లు కొద్దికొద్దిగా చల్లి ముద్ద చేయాలి. చపాతీ పిండిలా మర్దించొద్దు. ఎంత పిసికితే అంత గట్టిగా, సాగేలా అవుతుంది. ముద్దను మూత పెట్టి ఫ్రిజ్‌లో ముప్పావు గంట ఉంచాలి. వెన్న 32 - 35 డిగ్రీల దగ్గర పూర్తిగా కరిగిపోతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన వంటింటి వేడి అంతకంటే ఎక్కువే ఉంటుంది. అందుకే ఎండాకాలం ఈ పని తెల్లవారుజామున ఐదింటికే మొదలుపెట్టాలి. పిండి ఆరిపోకుండా ఫ్యాను గాలి తగలనివ్వొద్దు.

ఇక పూర్ణం. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. పండులో ఎక్కువ భాగం నీరే. పచ్చి ముక్కలు అలాగే కూరితే ఓవెన్‌లో ఆ నీరంతా బయటికొచ్చి అడుగు మెత్తబడుతుంది, అంచు పగులుతుంది. కాబట్టి తొక్క, టెంక తీసేసిన పండు ముక్కలు 600 గ్రాములకు 150 గ్రాముల చక్కెర వేసి, గరిటెతో గీత గీస్తే అది వెంటనే పూడిపోకుండా నిలిచేంతవరకు ఉడికించాలి. చివర్లో 20 గ్రాముల కార్న్‌ఫ్లోర్‌ను కొద్ది నీళ్లలో కలిపి పోసి, ఒక పొంగు రానివ్వాలి. స్టవ్ ఆపేశాక నిమ్మరసం పిండాలి. ముందే పిండి ఎక్కువసేపు ఉడికిస్తే కార్న్‌ఫ్లోర్ పట్టు సడలుతుంది. పూర్ణం పూర్తిగా చల్లారాకే కూరాలి. వేడిగా పెడితే పిండిలోని వెన్న కరిగి కారిపోతుంది.

36 గ్రాముల ఉండను పెద్ద పూరీలా ఒత్తి, 20 గ్రాముల పూర్ణం పెట్టి మడవాలి. అంచులు ఫోర్కుతో నొక్కి, ఆవిరి పోయేందుకు పైన రెండు గాట్లు పెట్టి, పాలు రాయాలి. 190 డిగ్రీల వేడిలో పావుగంట ముందే కాగిన ఓవెన్‌లో సుమారు 25 నిమిషాలు కాల్చితే బంగారు రంగు వస్తుంది.

దీనికి ఇంట్లో వాడే 30 లీటర్ల ఓటీజీ చాలు. తెలిసినవాళ్ల దగ్గర వాడకుండా పడి ఉంటే నెల రోజులకు అడిగి తెచ్చుకున్నా పర్లేదు. 1500 వాట్ల ఓటీజీని మామూలు చిన్న ప్లగ్గులో పెట్టొద్దు. గీజర్‌కు వాడే 16 ఆంపియర్ల సాకెట్ ఉండాలి.

ఏ పండు, ఏ నెలలో?

‘మన దగ్గర పండేదే వాడదాం’ అనుకోవడం మంచిదే. కానీ పండే ప్రతి పండూ ఓవెన్‌కు పనికిరాదు. ఉమ్మడి నల్గొండ జిల్లా బత్తాయికి పెట్టింది పేరు. అయితే బత్తాయి తొనలను ఉడికిస్తే చేదెక్కుతుంది. కావాలంటే తొక్క పైపొరను కొంచెం తురిమి పిండిలో కలపొచ్చు, అంతే. సీతాఫలం కూడా వేడికి రుచి చెడుతుంది. దాన్ని ఐస్‌క్రీమ్ వాళ్లకు వదిలేయండి.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా మామిడి. బంగినపల్లి అయితే పీచు ఉండదు. మరీ మగ్గింది వద్దు, కాస్త గట్టిగా ఉన్నది తీసుకోండి. చలికాలంలో జామ. దానిలోని పెక్టిన్ వల్ల పూర్ణం తనంతట తనే చిక్కబడుతుంది, కాకపోతే గింజలు వడకట్టాలి. మార్కెట్లోకి ఆపిల్ ఎక్కువగా వచ్చినప్పుడు దానికి దాల్చిన చెక్క పొడి తోడు చేయండి. వీటి మధ్య ఖాళీ నెలల్లో పైనాపిల్. నిమ్మకాయలకైతే పక్కనే నకిరేకల్ మార్కెట్ ఉంది. ఏడాదికి నాలుగు రకాలు చాలు. ‘ఈ నెల జామ మాత్రమే’ అని చెప్పడం లోటేమీ కాదు. సీజన్ పండని నమ్మకం కలుగుతుంది.

నోటుపుస్తకం తీయండి

ఇప్పుడు అసలు పని. కింది ధరలు ఉదాహరణకు వేసుకున్నవి. మీ ఊళ్లో ధరలు పెట్టి మళ్లీ వేసుకోండి.

24 పేస్ట్రీలకు: మైదా రూ.25, వెన్న రూ.150, పండ్లు కిలో రూ.80, చక్కెర రూ.8, కార్న్‌ఫ్లోర్, నిమ్మ, పాలు, ఉప్పు కలిపి రూ.17, కరెంటు రూ.15, ఆరేసి పట్టే డబ్బాలు నాలుగు రూ.40. మొత్తం రూ.335. ఇరవై నాలుగులో ఒకటి పగులుతుంది, ఒకటి మాడుతుంది. కాబట్టి అమ్మగలిగేవి 22 అనుకోండి. ఒక్కోదానికి ఖర్చు సుమారు రూ.15.

ఇందులో మీ కూలి లేదు. పిండి కలపడం నుంచి డబ్బాలో సర్దేదాకా మూడు గంటలు పడుతుంది. ఒక్కోటి రూ.20కి అమ్మితే 22కి రూ.440 వస్తుంది. ఖర్చు పోతే మిగిలేది రూ.105. అంటే గంటకు రూ.35. అదే రూ.30కి అమ్మితే రూ.660 వస్తుంది, రూ.325 మిగులుతుంది. గంటకు రూ.108. ఒకేసారి 48 చేస్తే పని రెట్టింపు కాదు, నాలుగున్నర గంటల్లో అయిపోతుంది. 44 అమ్మితే రూ.650 మిగులుతుంది. గంటకు రూ.144.

దీన్నిబట్టి రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, బేకరీ కౌంటర్‌లో దొరికే పఫ్ ధరతో పోటీ పడితే నష్టపోయేది మీ కష్టమే. రెండు, రోజుకు పది చొప్పున రోజూ చేసేకన్నా ఆర్డర్లు పోగేసి వారానికి రెండు రోజులు చేస్తే మేలు. మిగతా రోజులు చదువుకు ఉంటాయి.

మరి ఆ లక్ష రూపాయల లోను సంగతి? ఒక్కో పేస్ట్రీ మీద మీ కూలి తీసుకోకుండా మిగిలేది దాదాపు రూ.15. నెలకు రూ.4,700 వాయిదాకు 315కు పైగా అమ్మాలి. అంటే 53 డబ్బాలు. మీ చేతికి ఒక్క రూపాయి రాకముందే. ఈ లెక్క అమ్మకు కూడా చూపించండి.

వెన్న ఖరీదని చవక కొవ్వు వైపు వెళ్లాలనిపిస్తుంది. చాలా బేకరీల్లో మార్గరిన్ వాడతారు. నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్‌ఫ్యాట్ 2 శాతానికి మించకూడదని 2022 జనవరి నుంచి దేశమంతా నిబంధన ఉంది. కాబట్టి ఏది వాడినా ప్యాకెట్ మీద లేబుల్ చదవండి. అయితే డబ్బా మీద ‘వెన్నతో చేసినవి’ అని రాస్తే లోపల వెన్నే ఉండాలి.

మూడు ఊళ్లు.. మూడు రకాల గిరాకీ

సూర్యాపేట 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమైంది. కలెక్టరేట్, ఇతర ఆఫీసులు, 2019లో మొదలైన ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఆఫీసుల్లో పుట్టినరోజులు, రిటైర్మెంట్ సభలు, పిల్లల ఫంక్షన్లకు డబ్బాల లెక్కన ఆర్డర్లు అడగొచ్చు. హైదరాబాద్ - విజయవాడ జాతీయ రహదారి మీద బస్సులాగే హోటళ్లు చూసి ఆశ కలగడం సహజం. కానీ అక్కడ రోజూ పెద్ద మొత్తంలో ఇవ్వాలి, మిగిలినవి వెనక్కి తీసుకోవాలి, డబ్బులు ఆలస్యంగా వస్తాయి. మొదటి నెలలో అటు వెళ్లొద్దు. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో జరిగే పెద్దగట్టు జాతరకు జనం లక్షల్లో వస్తారు కదా అనిపించినా, ఆ దుమ్ములో, ఎండలో ఇంట్లో చేసిన పేస్ట్రీ నిలవదు.

కోదాడ అదే దారిలో ఆంధ్రప్రదేశ్ సరిహద్దు ఊరు. ఇంజినీరింగ్ కాలేజీలు, హాస్టళ్లు ఎక్కువ. విద్యార్థి ఆరింటి డబ్బా కొనకపోవచ్చు, రెండింటి ప్యాకెట్ కొంటాడు. అలాంటప్పుడు ప్యాకింగ్ ఖర్చు మళ్లీ లెక్క వేసుకోవాలి. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊరు. వచ్చిపోయే వ్యాపారులకు టీతో పాటు ఏదో ఒకటి పెట్టే అలవాటు మిల్లు ఆఫీసుల్లో ఉంటుంది. వారానికోసారి ఖాయంగా ఓ డబ్బా తీసుకునే ఆఫీసులు నాలుగు దొరికితే చాలు, అదే మీకు పునాది. ఏ ఊళ్లోనైనా క్రిస్మస్, రంజాన్, సంక్రాంతి ముందు వారాలు మంచి సీజన్. ఆర్డరు తీసుకున్నప్పుడే సగం అడ్వాన్స్ అడగండి. మొహమాటపడితే పిండి, వెన్న మీ నెత్తిన పడతాయి.

పరిశుభ్రత, రిజిస్ట్రేషన్

ఇంట్లో చేసి అమ్మినా అది ఆహార వ్యాపారమే. 2006 నాటి ఆహార భద్రత చట్టం కింద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారులకు ఏడాదికి రూ.100 ఫీజుతో సాధారణ రిజిస్ట్రేషన్ ఇస్తూ వచ్చారు. దీనికి ఏడాది టర్నోవర్ పరిమితి రూ.12 లక్షలుగా ఉంటూ వచ్చింది. నిబంధనలు మారుతుంటాయి కనుక దరఖాస్తు చేసే రోజు ఫోస్కోస్ పోర్టల్‌లో ఒకసారి సరిచూసుకోండి. ఫొటో, గుర్తింపు కార్డు, చిరునామా రుజువుతో మీరే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. వేలకు వేలు అడిగే ఏజెంట్లతో పనిలేదు.

డబ్బా మీద పేరు, వాడిన పదార్థాలు, బరువు, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలి, ధర, మీ చిరునామా, 14 అంకెల రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. గోధుమ, పాలు ఉన్నాయని విడిగా రాయాలి. ఇంకో ముఖ్యమైన విషయం. మెరుపు కోసం పైన గుడ్డు సొన రాస్తే అది శాకాహారం కాదు. ఆకుపచ్చ చుక్క వేయకూడదు, గోధుమరంగు త్రికోణం గుర్తు వేయాలి. శనివారం ఉపవాసం ఉండే ఇంటికి అది తెలియకుండా వెళ్తే ఆ వీధిలో మళ్లీ ఆర్డరు రాదు. పాలు రాస్తే ఈ చిక్కే ఉండదు.

ఎన్నాళ్లు నిల్వ ఉంటుందని అందరూ అడుగుతారు. ప్రిజర్వేటివ్ వేయని పండ్ల పూర్ణానికి మన వేడిలో ‘చేసిన రోజే తినండి’ అని చెప్పడమే క్షేమం. వాసన బాగానే ఉంది కదా అని మర్నాడు మిగిలినవి అమ్మొద్దు. క్రీమ్ నింపినవి చల్లగానే ఉంచాలి, కరెంటు పోతే ప్రమాదం. మొదట్లో వాటి జోలికి పోకండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో సర్దండి, లేదంటే ఆవిరికి మెత్తబడి బూజు పడతాయి. జ్వరమో, విరేచనాలో ఉన్న రోజు ఆర్డరు వదులుకోండి, పేరు నిలుస్తుంది.

నేర్చుకోవాలంటే..

ఇది మీకు సరిపడే పనే అనిపిస్తే శిక్షణ తీసుకోవచ్చు. ఐటీఐల్లో బేకర్ అండ్ కన్ఫెక్షనర్ అనే ఏడాది ట్రేడ్ ఉంది. జాతీయ హోటల్ మేనేజ్‌మెంట్ కౌన్సిల్ కింద ఉన్న సంస్థల్లో పదో తరగతి అర్హతతో ఫుడ్ ప్రొడక్షన్ అండ్ పటీసరీ కోర్సు, ఇంటర్ అర్హతతో బేకరీ అండ్ కన్ఫెక్షనరీ డిప్లొమా ఉన్నాయి. ఏ సంస్థలో ఏ కోర్సు నడుస్తోందో ప్రవేశాల ప్రకటనలో చూసుకోవాలి. హైదరాబాద్ విద్యానగర్‌లో ఐహెచ్ఎం ఉంది.

ఊరు వదలలేమంటే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఉచిత శిక్షణ ఉంటుంది. సూర్యాపేట, కోదాడ వాళ్లకు గరిడేపల్లి మండలం గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, మిర్యాలగూడ వాళ్లకు కంపాసాగర్ కేంద్రం దగ్గర. ఈ ఏడాది శిక్షణల్లో బేకరీ, పండ్ల ప్రాసెసింగ్ ఉన్నాయేమో వెళ్లి అడగండి.

అప్పు ఎప్పుడు?

మొదటి వంద పేస్ట్రీలు అమ్మాక పుస్తకం తెరవండి. చుట్టాలు కొన్నవి కొట్టేయండి. మిగిలినవాళ్లలో రెండోసారి అడిగినవాళ్లు ఎంతమందో చూడండి. ‘బాగున్నాయి’ అన్న మెప్పుకన్నా ‘వచ్చే శనివారం ఇంకో డబ్బా’ అన్న మాటకే విలువెక్కువ. వరసగా మూడు నెలలు ఇంటి ఓటీజీ సరిపోక ఆర్డర్లు వదులుకోవాల్సి వస్తుంటే, అప్పుడు పెద్ద ఓవెన్‌కు అప్పు చేయడంలో అర్థముంది.

ముద్ర యోజనలో శిశు విభాగం కింద రూ.50 వేల వరకు రుణమిస్తారు. చిన్న ఆహార పరిశ్రమల కోసం కేంద్రం 2020లో తెచ్చిన పీఎంఎఫ్ఎంఈ పథకంలో ప్రాజెక్టు ఖర్చులో 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు సబ్సిడీ ఉంది. ఇది చేతికిచ్చే డబ్బు కాదు, బ్యాంకు రుణానికి ముడిపడి ఉంటుంది. ఖర్చులో కనీసం పదో వంతు మీరు పెట్టుకోవాలి. పథకం ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటోందా, గడువెంత అనేది జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగి తెలుసుకోండి. సబ్సిడీ వస్తుందని యంత్రం కొనొద్దు, యంత్రం అవసరమైతేనే సబ్సిడీకి వెళ్లండి.

మొదటి నెల ఇలా..

మొదటి వారం: ఒకే పండు, ఒకే కొలతతో మూడుసార్లు చేయండి. పగిలినవి, మాడినవి ఎన్నో రాసుకోండి.

రెండో వారం: రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టండి. మీ ఊరి ధరలతో ఖర్చు లెక్క వేసి, అమ్మకం ధర ఖాయం చేయండి. లేబుల్ సిద్ధం చేసుకోండి.

మూడో వారం: రిజిస్ట్రేషన్ చేతికొచ్చాక పది ఇళ్లకో, ఆఫీసులకో వెళ్లి ఆర్డర్లు అడగండి. ఉచితంగా పంచకండి, సగం ముక్క రుచి చూపిస్తే చాలు.

నాలుగో వారం: ఆర్డర్ల మీదే చేయండి. వంద పూర్తయ్యాక ఆ పుస్తకం పట్టుకుని అమ్మ పక్కన కూర్చోండి. లోను తీయాలా వద్దా అని ఈసారి ఇద్దరూ కలిసి తేల్చుకోవచ్చు. వద్దని తేలినా పోయేదేం లేదు. ఖర్చయ్యేది త్రాసు డబ్బులు, కొన్ని ఉదయాలే. సంఘంలో అమ్మ మాట మాత్రం చెక్కుచెదరదు.